బరువు చూసి మోసపోకు, బుజ్జీ

చిరంజీవి బుజ్జికి తాతయ్య ఆశీస్సులు.

నువ్వు ఫొటో తీసి పంపిన లెక్క చూశాను. 10 లీటర్ల గట్టి పాత్రలో 0.8 గ్రాముల హైడ్రోజన్, 4.8 గ్రాముల ఆక్సిజన్. నిప్పురవ్వ తగిలించాక 127 డిగ్రీల సెల్సియస్ దగ్గర పీడనం ఎంత? హైడ్రోజన్ తక్కువుంది కాబట్టి అదే ముందు అయిపోతుందని రాశావు. అక్కడే పప్పులో కాలేశావు.

ముందు గ్రాముల్ని మోల్స్‌లోకి, అంటే అణువుల లెక్కలోకి మార్చు; ఒక్కో వాయువును దాని ఒక మోల్ బరువుతో భాగించాలి. 0.8ని 2తో భాగిస్తే హైడ్రోజన్ 0.4, 4.8ని 32తో భాగిస్తే ఆక్సిజన్ 0.15. సమీకరణంలో రెండు హైడ్రోజన్‌లకు ఒక ఆక్సిజన్ కదా, 0.4కి 0.2 కావాలి. ఉన్నది 0.15. బరువులో ఆరింతలున్న ఆక్సిజనే చాల్లేదు చూడు! ఇక్కడ లిమిటింగ్ రీయేజెంట్, అంటే ముందుగా అయిపోయి చర్యను ఆపేసేది, అదే.

ఇప్పుడు సమీకరణం కింద మూడు వరుసలు గీయి: ఉన్నది, ఖర్చయింది, మిగిలింది. ఆక్సిజన్ 0.15 మొత్తం పోయింది. దాంతోపాటు హైడ్రోజన్ 0.3 పోయి, నీటి ఆవిరి 0.3 వచ్చింది. హైడ్రోజన్ ఇంకా 0.1 ఉంది. చాలామంది దీన్ని వదిలేసి ఆవిరికి మాత్రమే పీడనం కడతారు. నేనూ డిగ్రీలో అదే పని చేశాను, పేపరు మీద ఆ ఎర్ర గీత ఇప్పటికీ కళ్లముందుంది. పాత్రలో ఏ వాయువు మిగిలినా గోడల్ని నెడుతూనే ఉంటుంది. కాబట్టి మొత్తం 0.4 మోల్స్, ఉష్ణోగ్రత (127కి 273 కలిపితే) 400 కెల్విన్. PV = nRT సూత్రంలో వాయు స్థిరాంకం R 0.0821. 0.4 × 0.0821 × 400 ÷ 10 చేస్తే 1.31 అట్మాస్ఫియర్లు. అందులో నాలుగో వంతు, అంటే 0.33, హైడ్రోజన్ పాక్షిక పీడనం, అంటే మొత్తంలో దాని వాటా. మిగతాది ఆవిరిది.

అసలు తిరకాసు రెండో బిట్‌లో ఉంది. అదే పాత్రను 27 డిగ్రీలకు చల్లార్చమన్నాడు. నువ్వు 400 తీసేసి 300 పెట్టి ఊరుకున్నావు. ఆవిరి చాలావరకు నీళ్లయిపోతుందమ్మా! ఆ నీళ్లు 5 మిల్లీలీటర్ల పైచిలుకు, వాటి జాగా లెక్కలోకి రాదు. 0.1 మోల్ హైడ్రోజన్ 0.246 ఇస్తుంది. ఆ ఉష్ణోగ్రతలో నీటి బాష్ప పీడనం (నీళ్లపైన మిగిలే ఆవిరి పీడనం) సుమారు 27 మిల్లీమీటర్ల పాదరసం, అంటే 0.035 అట్మాస్ఫియర్లు. రెండూ కలిపితే 0.28. నీ జవాబు 0.99 వచ్చింది, మూడింతలు దాటిపోయావు.

టెన్షన్ పడకు. ఆక్సిజన్‌ను 9.6 గ్రాములు చేసి ఇదే లెక్క మళ్లీ చెయ్యి. ఆదివారం ఫోన్ చేసేలోపు ఫొటో పంపు, మూడు వరుసలూ కనబడాలి.

మీ తాతయ్య