మాస్కులో నీళ్లు, చెవి నొప్పి: హావ్‌లాక్ వెళ్లేలోపు

అన్నా, గోవాలో స్నార్కెలింగ్ (నోట్లో గొట్టంతో గాలి పీలుస్తూ నీటి పైన ఈత) చేస్తే మాస్కులోకి నీళ్లొచ్చాయి, కాస్త లోపలికి మునగ్గానే చెవులు పోటెత్తాయి, ఇప్పుడు అండమాన్‌లోని హావ్‌లాక్ దీవిలో స్కూబా (గాలి సిలిండరుతో నీటి లోపలికి దిగడం) అంటే భయమేస్తోందని అడిగారు. గుబురు మీసం ఉందని మీరే రాశారు, సగం జవాబు అందులోనే ఉంది. ముక్కు కింద 2, 3 మిల్లీమీటర్ల మేర నున్నగా గీసేయండి, సిలికాన్ అంచు చర్మానికే అతకాలి. పట్టీ బిగిస్తే ఆగుతుందనుకోవద్దు, అంచు వంకరపోయి ఇంకా ఎక్కువ కారుతుంది. పట్టీ తగిలించకుండా మాస్కు ముఖానికి ఆనించి ముక్కుతో గాలి పీల్చండి. చెయ్యి తీసినా పడకపోతే అది మీ సైజే. అయినా నీళ్లొస్తే పైఅంచు నొక్కి, కాస్త పైకి చూస్తూ ముక్కుతో ఊదండి, కిందనుంచి పోతాయి.

చెవులకు: నొప్పి వచ్చేదాకా ఆగొద్దు. మునిగిన వెంటనే, ఆపై ప్రతి అరమీటరుకూ ముక్కు మూసి మెల్లగా ఊదాలి. 10 మీటర్ల లోతులో ఒత్తిడి పైనున్న దానికి రెట్టింపు, అందులో మొదటి మీటర్లే చెవికి గండం. చెవులు తెరుచుకోకపోతే ఒక మీటరు పైకి రండి. బలవంతంగా ఊదితే కర్ణభేరికే ప్రమాదం. జలుబుంటే దిగనే వద్దు.

నీళ్లలో నోటితో శ్వాస అలవాటు కావడానికి కడపలో ఉండే మీకు సముద్రమెందుకు, ఇంట్లో బకెట్ నీళ్లలో ముఖం ముంచి గొట్టంతో పీల్చడం చాలు. తిరుగు విమానానికి 18 గంటల ముందే డైవింగ్ ముగించండి.