కిరీనియా ఫ్లాటుకు ఇచ్చిన బయానా తిరిగి వస్తుందా?

ప్రశ్న: నేను రిటైర్డ్ ఉపాధ్యాయుడిని. మా అబ్బాయి ఉత్తర సైప్రస్‌లో చదువుతున్నాడు. అక్కడ కిరీనియా దగ్గర సముద్రం ఒడ్డున ఫ్లాటు చవకగా వస్తుందని హైదరాబాద్‌లో ఒక ఏజెంటు చెబితే, నా భార్య నగలు అమ్మి 24 లక్షలు బయానా ఇచ్చాను. 18 లక్షలు బ్యాంకు ద్వారా, 6 లక్షలు నగదుగా ఇచ్చాను. ఇది జరిగి రెండేళ్ల తొమ్మిది నెలలైంది. ఇలాంటి ఆస్తులు అమ్మినవారిని దక్షిణ సైప్రస్‌లో అరెస్టు చేస్తున్నారని ఇప్పుడు వింటున్నాం. ఏజెంటేమో యుద్ధం జరిగి యాభై ఏళ్లు దాటిందనీ, భయమైతే మా అగ్రిమెంటును లాభానికి మరొకరి పేరున మార్పిస్తాననీ అంటున్నాడు. ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు. ఏం చేయాలి?
(పేరు వద్దు, కరీంనగర్)

జవాబు: మీ ఉత్తరం నాలుగు పేజీలుంది. ఆ ఫ్లాటు కింది నేల 1974 జూలై 20కి ముందు ఎవరి పేరున ఉండేదన్న సంగతి మాత్రం అందులో ఎక్కడా లేదు. మీ వ్యవహారమంతా దానిమీదే ఆధారపడి ఉంది.

ఆ రోజున టర్కీ సైన్యం కిరీనియా తీరంలో దిగింది. ఆగస్టులో రెండో దాడి ముగిసేసరికి ద్వీపంలో 36 శాతానికి పైగా భూభాగం దాని చేతిలోకి వెళ్లింది. 1.60 లక్షలకు పైగా గ్రీకు సైప్రియట్లు (గ్రీకు మాట్లాడే సైప్రస్ వాసులు) ఇళ్లూ పొలాలూ వదిలి దక్షిణానికి వచ్చేశారు. దక్షిణాన ఉన్న టర్కిష్ సైప్రియట్లు 40 వేలకు పైగా ఉత్తరానికి వెళ్లారు. అలా ఖాళీ అయిన భూములను ఉత్తరాన పంచిపెట్టి కొత్త పట్టాలిచ్చారు. అయితే 1983లో ప్రకటించుకున్న ఆ ఉత్తర రాజ్యాన్ని టర్కీ తప్ప ఏ దేశమూ గుర్తించలేదు, భారతదేశమూ గుర్తించలేదు. మన దగ్గర అసైన్డ్ భూమిని నోటరీ కాగితం మీద కొన్నవారి పరిస్థితి మీకు తెలిసే ఉంటుంది. అమ్మినవాడికి లేని హక్కు కొన్నవాడికి రాదు.

యాభై ఏళ్లు దాటిందన్న మాట వినగానే 12 ఏళ్లు స్వాధీనంలో ఉంటే భూమి సొంతమవుతుందనే మన లెక్క మీకు గుర్తుకొచ్చి ఉంటుంది. ఆ లెక్క అక్కడ పనిచేయలేదు. కిరీనియాలో భూములున్న లోయిజిదూ అనే మహిళ దావాలో, ఆమే ఇప్పటికీ చట్టబద్ధమైన యజమాని అని యూరోపియన్ మానవ హక్కుల కోర్టు 1996లో తేల్చింది. కిరీనియాకు పడమరనున్న లాపిథోస్‌లో విల్లా కట్టుకున్న బ్రిటిష్ దంపతుల విషయంలో, విల్లా కూల్చి స్థలాన్ని అసలు యజమానికి అప్పగించాలని దక్షిణ సైప్రస్ రాజధాని నికోసియాలోని కోర్టు 2004లో తీర్పిచ్చింది. దానిని బ్రిటన్‌లోనూ అమలు చేయవచ్చని ఐరోపా సమాఖ్య న్యాయస్థానం 2009లో చెప్పింది.

రెండు సందర్భాల్లో కథ వేరుగా ఉంటుంది. ఒకటి, ఆ నేల 1974కు ముందే టర్కిష్ సైప్రియట్ పేరున ఉండటం. రెండు, ఉత్తరాన ఉన్న స్థిరాస్తి కమిషన్ ద్వారా అసలు యజమాని పరిహారం తీసుకొని హక్కు వదులుకోవడం. ఈ కమిషన్‌ను ఒక పరిష్కార మార్గంగా యూరోపియన్ మానవ హక్కుల కోర్టు 2010లో ఒప్పుకుంది. ఈ రెండింటిలో దేనికైనా కాగితం ఉంటే చూపమని ఏజెంటును రాతపూర్వకంగా అడగండి. కరీంనగర్‌లో రెండు గుంటలు కొన్నా ఈసీ తీయించి, లింకు డాక్యుమెంట్లు అడిగే మీరు, సముద్రం అవతలి ఆస్తికి కరపత్రం చూసి 24 లక్షలు ఇవ్వడం క్షమించరాని అజాగ్రత్త.

అగ్రిమెంటును మరొకరికి అంటగట్టే ఆలోచన ఇప్పుడే మానుకోండి. విషయం తెలిసిన తర్వాత అమ్మితే, ఇప్పటివరకు మోసపోయిన మీరు మోసగించినవారవుతారు. సైప్రస్ శిక్షాస్మృతి 303ఎ సెక్షన్ ప్రకారం, ఇతరుల స్థిరాస్తితో మోసపూరితంగా వ్యవహరిస్తే ఏడేళ్ల వరకు జైలు పడవచ్చు. అమ్మకమే కాదు, ఒప్పందం చేసుకోవడమూ, ప్రకటన ఇవ్వడమూ దాని కిందికే వస్తాయి.

ఇక గడువు సంగతి. వినియోగదారుల కమిషన్‌కు (పాత ఫోరం) రెండేళ్లే గడువు, అది దాటింది. సొమ్ము రాబట్టే సివిల్ దావాకు మూడేళ్లు. మోసం బయటపడిన రోజు నుంచి లెక్కించమని వాదించవచ్చు గానీ, ఆ వాదన మీద ఆశ పెట్టుకోకుండా డబ్బిచ్చిన రోజు నుంచే లెక్కించుకోండి. మీకు మిగిలింది మూడు నెలలు. లీగల్ నోటీసు ఇచ్చినా, పోలీసు కేసు పెట్టినా ఈ గడువు ఆగదు. గడువులోగా ఏజెంటు బాకీని ఒప్పుకుంటూ సంతకం చేసి ఇస్తే మాత్రం ఆ తేదీ నుంచి మళ్లీ మూడేళ్లు వస్తాయి.

18 లక్షలు ఎవరి ఖాతాలో పడ్డాయో బ్యాంకు స్టేట్‌మెంటు తీసి చూడండి. ఏజెంటు ఖాతాలో పడి ఉంటే, తాను మధ్యవర్తిని మాత్రమేనని అతను తప్పుకోవడం కష్టం. విదేశీ ఆస్తికి సొమ్ము బ్యాంకు ద్వారా ఎల్‌ఆర్‌ఎస్ కింద (లేఅవుట్ క్రమబద్ధీకరణ కాదు, రిజర్వు బ్యాంకు పథకం) వెళ్లాలి. అలా వెళ్లకపోతే ఎదుటి పక్షం దాన్నే ఎత్తిచూపుతుంది కాబట్టి మీ వకీలుకు ముందే చెప్పండి. నగదుకు రసీదు లేకపోతే వాట్సాప్ సందేశాలే ఆధారం. ఫోను మార్చవద్దు, ఏదీ తుడిచేయవద్దు. వాటిని కోర్టులో పెట్టాలంటే భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద ధ్రువపత్రం జతచేయాలి.

ఈ వారంలోనే నోటీసు ఇప్పించి, జవాబు కోసం పదిహేను రోజులకు మించి ఆగకుండా, హైదరాబాద్ సివిల్ కోర్టులో వడ్డీతో సహా సొమ్ముకు దావా వేయండి. ఈలోగా దక్షిణ సైప్రస్‌లో ఒక న్యాయవాది ద్వారా ప్లాటు నంబరుతో అక్కడి భూమి రికార్డు తీయించండి. మీ అబ్బాయి ఏ కాగితం మీదా సంతకం చేయకూడదు, ఈ అగ్రిమెంటు చేత పట్టుకొని ఉత్తర, దక్షిణాల మధ్యనున్న సరిహద్దు రేఖ దాటకూడదు.