పింగ్‌యువాన్‌ను పరుగెత్తించకు

చిరంజీవికి,

నీ కథ చదివాను. బాయిలర్ల దగ్గర బొగ్గు ఎగదోసేవాళ్ల పేరా బాగుంది. కలం పేరు, పోటీల సంగతి తర్వాత చూద్దాం. మూడో అధ్యాయంలో చైనా యుద్ధనౌక పింగ్‌యువాన్ జపాను నౌక యోషినోను తరిమి తరిమి కొట్టిందని రాశావు. అక్కడ నాకు ఒళ్లు మండింది.

యోషినో వేగం 23 నాట్‌లు, అంటే గంటకు 23 సముద్రపు మైళ్లు. పింగ్‌యువాన్‌ది పదిన్నర, మహా అయితే పదకొండు. ఒక సముద్రపు మైలు దాటడానికి యోషినోకు రెండున్నర నిమిషాల పైచిలుకు చాలు, దీనికి దాదాపు ఐదున్నర. తరమడం అటుంచు, కంటికి ఆనేంత దూరంలో నిలుపుకోవడమే కష్టం.

ఆ మందకొడితనానికి కారణముంది. సుమారు 2,100 టన్నుల చిన్న ఓడ. నీటిమట్టం వెంబడి ఎనిమిది అంగుళాల మందం దాకా కవచం, ముందు భాగాన 260 మిల్లీమీటర్ల జర్మన్ క్రుప్ కంపెనీ ఫిరంగి. ఈ బరువంతా లాగే యంత్రాలకు ఉన్నది 2,400 అశ్వశక్తి. దాన్ని కట్టింది తీరం కాయడానికి. 1884 ఆగస్టులో ఫ్రెంచివాళ్లు ఫుజౌ దగ్గరి మావెయ్‌లో చైనా నౌకల్ని ఒక్క మధ్యాహ్నంలో నాశనం చేశారు. తర్వాత అదే మావెయ్ నౌకాశాలలో, ఫ్రాన్సులో చదివొచ్చిన వెయ్ హాన్ బృందం ఫ్రెంచి కవచ గన్‌బోట్ల నమూనా మీదే దీన్ని గీసింది. కొట్టినవాడి నమూనాతోనే కాపలా ఓడ! ఇంత చేతికందితే వదిలేసి సముద్రపు హోరు మీద రెండు పేజీలు రాశావు.

ఓడ కథలో ఓడ ఏం చేయలేదో అదే కథను నడపాలి. ఈ మాట ఎన్నిసార్లయినా అంటాను. అంకె కనబడగానే ఎర్రపెన్ను తీసే సంపాదకులున్నారు. వెన్నెల వర్ణన మాత్రం వాళ్లకి ఎప్పుడూ ఎక్కువనిపించదు.

చైనా-జపాను యుద్ధంలో యాలూ పోరు జరిగిన 1894 సెప్టెంబరు 17నే చూడు. పింగ్‌యువాన్ యాలూ నది ముఖం దగ్గర సైనికుల్ని దించే ఓడలకు కాపలా ఉంది. పోరు మొదలయ్యాక బయల్దేరి ఆలస్యంగా చేరింది. ఆ దారంతా నీకు దొరికిన అధ్యాయం. చేరాక జపాను పతాకనౌక మత్సుషిమాను పెద్ద ఫిరంగితో కొట్టింది. టార్పెడోల దగ్గరున్న నలుగురు చనిపోయారు. నువ్వేమో నాలుగు పెద్ద ఫిరంగులు ఒక్కసారే పేల్చావు. నాలుగున్నది జర్మనీలో కట్టిన చైనా పెద్ద నౌక దింగ్‌యువాన్‌కి. దీనికి పెద్దది ఒక్కటే, అదీ వెనక్కి పేలదు. పక్కకొకటి చొప్పున 150 మిల్లీమీటర్లవి రెండు. పెద్దదాని ప్రతి గుండుకీ ఫిరంగి వెనక తలుపు తెరవాలి, తుడవాలి, గుండు ఎత్తాలి, మందు సంచులు తోయాలి, మూయాలి, గురి చూడాలి. ఈలోగా పొగ కమ్మేస్తుంది, శత్రువు చోటు మారుస్తాడు. నీ సంభాషణలు ఆ వ్యవధిలో పెట్టు.

జలప్రవేశం సన్నివేశంలో జనం "పింగ్‌యువాన్" అని కేకలేయకూడదు. 1888 జనవరిలో దాని పేరు లుంగ్‌వెయ్. 1890లో ఉత్తర నౌకాదళంలో చేరినప్పుడు పేరు మారింది.

చివర యాలూలో ముంచేశావు. అది అక్కడ మునగలేదు. 1895 ఫిబ్రవరిలో చైనా రేవు వెయ్‌హైవెయ్‌లో జపానుకు చిక్కింది, వాళ్ల జెండా కింద పనిచేసి 1904 సెప్టెంబరులో పోర్ట్ ఆర్థర్ దగ్గర మందుపాతర తగిలి మునిగింది. నువ్వు వెయ్‌హైవెయ్ దగ్గరే ఆపు. జెండా దించే ఘట్టం రాసేముందు బాయిలర్లలో ఆవిరి ఉందో లేదో తేల్చుకో. చల్లబడ్డ బాయిలర్లలో ఆవిరి పుట్టించడానికి గంటలు పడుతుంది. నీ ఇంజను గదివాళ్లు పారిపోవాలనుకున్నా పోలేరు.