యూనిట్ తరలిపోతోందని తెలిసినా నోరు విప్పలేకపోతున్నాను

ప్రశ్న: హైదరాబాద్ బాలానగర్‌లోని ఒక మందుల ప్యాకింగ్ యూనిట్‌లో నేను ప్రొడక్షన్ మేనేజర్‌ని. యూనిట్‌ను మేడ్చల్ దగ్గరి కొత్త షెడ్డుకు తరలించి, అక్కడ ఆటోమేటిక్ ప్యాకింగ్ లైన్ పెడుతున్నారు. మొదటి షిఫ్టు ఉదయం ఆరింటికి మారుతుంది. కొందరి ఉద్యోగాలు పోవచ్చు. దసరా దాటేవరకు ఎవరికీ చెప్పవద్దని యాజమాన్యం నన్ను ఆదేశించింది. పుకార్లు మాత్రం ఇప్పటికే వచ్చేశాయి. నాకు పని నేర్పిన సీనియర్ ఆపరేటర్‌ను నేను ‘అన్నా’ అని పిలుస్తాను. ఆయన నాతో మాటలు మానేశారు. మా బావమరిది కూడా ఇక్కడే హెల్పర్. తమ్ముడి ఉద్యోగం ఉంటుందో లేదో చెప్పమని నా భార్య రోజూ నిలదీస్తోంది. ఏం చేయాలో తోచడం లేదు.

సమాధానం: మీరు మౌనంగా ఉన్నందువల్ల విషయం దాగలేదు. కొత్త మనుషులు వచ్చి యంత్రాల కొలతలు తీసుకుంటున్నప్పుడు, రావలసిన విడిభాగాల ఆర్డర్లు ఆగిపోయినప్పుడు, లైన్ మీద ఏళ్ల తరబడి పనిచేసినవాళ్లకు సంగతి అర్థం కాకుండా ఉండదు. వాళ్లకు తెలియనిది ఒక్కటే: ఇందులో మీరు ఎటువైపు ఉన్నారన్నది. ఎవరైనా సూటిగా అడిగినప్పుడు ‘నాకేమీ తెలియదు’ అంటున్నారా, ‘తెలుసు గానీ ఇప్పుడు చెప్పే స్వేచ్ఛ నాకు లేదు’ అంటున్నారా? మొదటి మాట రేపు అబద్ధంగా తేలి, ఆ తర్వాత మీరు చెప్పే నిజాలను కూడా నమ్మకుండా చేస్తుంది. రెండో మాట వినడానికి కటువుగా ఉన్నా, మీమీద కోపమే తెప్పిస్తుంది తప్ప నమ్మకాన్ని తీసివేయదు. ఇవాళ్టి నుంచే రెండో మాటకు మారండి.

అయితే కార్మికులతో మాట్లాడటానికి ముందు మీరు మాట్లాడవలసింది యాజమాన్యంతో. ‘దసరా దాటాక చూద్దాం’ అన్నది వాళ్ల సౌకర్యం కావచ్చు గానీ, చట్టం కూడా ఇందులో ఒక మాట చెబుతుంది. కార్మికుల షిఫ్టు వేళలు మార్చాలన్నా, మనుషుల్ని తగ్గించేందుకు దారితీసే కొత్త యంత్రాలు పెట్టాలన్నా ముందుగా నోటీసు ఇచ్చి 21 రోజులు ఆగాలని 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం నిర్దేశించింది. 2020లో చేసిన పారిశ్రామిక సంబంధాల కోడ్ కూడా ఆ నియమాన్ని నిలిపింది. ఏడాదికి తగ్గకుండా నిరంతరాయంగా పనిచేసిన కార్మికుణ్ణి రిట్రెంచ్ చేయాలంటే, అంటే మనుషులు ఎక్కువయ్యారని పనిలోంచి తీసేయాలంటే, నెల రోజుల నోటీసు లేదా నెల జీతం, పూర్తిచేసిన ప్రతి సంవత్సరానికి 15 రోజుల వేతనం చొప్పున పరిహారం ఇవ్వడం కనీస బాధ్యత. గ్రాట్యుటీ దానికి వేరు. ఈ లెక్కలను కార్మిక చట్టాలు తెలిసిన న్యాయవాదితో సరిచూసుకుని, తారీఖులతో సహా ఒక పేజీ నోట్‌గా రాసి మీ డైరెక్టర్ ముందు పెట్టండి. ‘మనుషులు బాధపడుతున్నారు’ అనే మాటను కొట్టిపారేసే యజమానులు కూడా చట్టం అడిగే వ్యవధిని కొట్టిపారేయలేరు.

ఆ నోట్‌లోనే ప్రయాణం సంగతి కూడా రాయండి. ఫతేనగర్, మూసాపేట్, జగద్గిరిగుట్ట వైపు నుంచి నడిచో ఒక్క బస్సెక్కో వచ్చేవాళ్లకు మేడ్చల్ అంటే దినచర్య అంతా తలకిందులవడమే. 2023 ఏప్రిల్ నుంచి మేడ్చల్‌కు ఎంఎంటీఎస్ లోకల్ రైలు నడుస్తోంది కదా, అదే సంవత్సరం డిసెంబరు నుంచి ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం ఉంది కదా అని కార్యాలయంలో కూర్చున్నవాళ్లు అంటారు. టికెట్ డబ్బులు మిగలడం వేరు, తెల్లవారుజామున బయల్దేరి ఆరింటికల్లా గేటు దగ్గరుండటం వేరు. బడికి పంపవలసిన పిల్లలున్న తల్లికి ఈ షిఫ్టు మార్పే ఉద్యోగం మానేయడానికి చాలిన కారణం. కంపెనీ బస్సు పెడతారా, ఏ దారిలో, ఎన్ని నెలలపాటు అన్నదానికి జవాబు చేతిలో లేకుండా సమావేశానికి వెళ్లకండి. జనం అడిగే మొదటి ప్రశ్న అదే అవుతుంది.

అనుమతి దొరికాక, ఉద్యోగం పోయే అవకాశం ఉన్నవాళ్లకు ముందు విడివిడిగా, అదే రోజు మిగతా అందరికీ కలిపి చెప్పండి. వాట్సాప్ గ్రూపులో పెట్టకండి, షిఫ్టు ముగిసి బస్సు కోసం పరుగెత్తే వేళ చెప్పకండి. ఏది ఖాయమైంది, ఏది ఇంకా తేలలేదు, తేలనిదాని గురించి మళ్లీ ఏ తారీఖున చెబుతారు అన్న మూడింటినీ కలగాపులగం చేయకుండా చెప్పండి. ఆ తారీఖు నాటికి కొత్త సంగతి ఏమీ లేకపోయినా వెళ్లి, ‘ఇంకా తేలలేదు’ అని చెప్పి రావాలి; చాలామంది మేనేజర్లు తప్పిపోయేది ఇక్కడే. ‘నా చేతుల్లో ఏముంది’ అనే మాట మాత్రం వద్దు. బస్సు దారి, షిఫ్టుల కేటాయింపు, కొత్త లైన్‌పై ఎవరికి శిక్షణ ఇవ్వాలన్నది చాలావరకు మీ చేతుల్లోనే ఉంటుంది.

ఇక అన్న సంగతి. మార్పు వచ్చినప్పుడు మనుషులు నిరాకరణ, కోపం వంటి అయిదు దశలు దాటుతారని శిక్షణ తరగతుల్లో గీత గీసి చూపిస్తుంటారు. మనోవైద్యురాలు ఎలిజబెత్ కుబ్లర్-రాస్ 1969లో ఆ దశలను చెప్పింది మరణానికి చేరువైన రోగులను చూసి. దాన్ని ఫ్యాక్టరీకి అతికించినది తర్వాతివాళ్లు. అందుచేత ఆయన ‘కోపం దశ’లో ఉన్నారనుకుని అది దాటేదాకా ఎదురుచూడకండి. ఆయన కోపానికి కారణం బహుశా మేడ్చల్ కాకపోవచ్చు. తాను పని నేర్పిన కుర్రవాడు తనకు తెలియనట్టు నటించడం కావచ్చు. ఒంటరిగా కలిసి, ‘అన్నా, ఇన్నాళ్లూ మీకు ముఖం చాటేశాను, చెప్పవద్దన్న ఆజ్ఞ ఉంది’ అని అనండి. తర్వాత ఆయన కసిరినా వినండి. సర్దిచెప్పబోకండి. కొత్త లైన్ విషయంలో ఆయన సలహా అడగాలనుకుంటే, దాన్ని అమలుచేసే వీలున్నప్పుడే అడగండి. మర్యాదకు అడిగి పక్కన పెడితే అది రెండో అవమానం.

ఇంట్లో మీ పరిస్థితి ఇంతకంటే సున్నితమైనది, కానీ జవాబు చిన్నది. బావమరిదికి మిగతావాళ్లకంటే ఒక్క రోజు కూడా ముందు చెప్పకండి. చెబితే ఆ మాట బయటికి పొక్కిన క్షణం నుంచి మీరు తీసుకునే ప్రతి నిర్ణయంలోనూ చుట్టరికాన్నే వెతుకుతారు. ఎవరు ఉండాలో ఎవరు పోవాలో తేల్చే జాబితాలో అతని పేరు వస్తే, ఆ నిర్ణయం వేరొకరు తీసుకోవాలని యాజమాన్యానికి రాతపూర్వకంగా తెలియజేయండి. ఈ సంగతి మీ భార్యకు చెప్పవచ్చు, చెప్పాలి కూడా: తమ్ముడి విషయంలో మీరు మేలు గానీ కీడు గానీ చేసే స్థానంలో ఉండబోరని, కానీ ఏమైనా అతనికి వేరే పని వెతకడంలో బావగా తోడుంటారని. ఆవిడ వెంటనే ఒప్పుకోకపోవచ్చు. అతని బయోడేటా తయారు చేయించడం, జీడిమెట్లలోనో చర్లపల్లిలోనో తెలిసినవాళ్లను వాకబు చేయడం వంటివి ఈ వారమే మొదలుపెట్టవచ్చు. బాలానగర్‌లో పుకార్లున్న యూనిట్‌లో పనిచేసే ఏ కుర్రవాడికైనా మీరు చెప్పగలిగిన సలహాయే అది కనుక, దానివల్ల కంపెనీ రహస్యమేదీ బయటపడదు.