డౌన్ పేమెంట్‌కి కూడా అప్పేనా?

ప్రశ్న: నాకు 31 ఏళ్లు. విజయవాడలో ప్రైవేటు ఉద్యోగం. చేతికి నెలకు 74 వేలు వస్తుంది. పాప పుట్టాక మా ఆవిడ ఉద్యోగం మానేసింది. అద్దె 15 వేలు, ఇంటి ఖర్చులు 21 వేలు, ఊళ్లో అమ్మానాన్నలకు 8 వేలు, చీటీకి 5 వేలు, సిప్‌కి 5 వేలు పోగా 20 వేలు మిగులుతుంది. ఏడాదిన్నర క్రితం జీతం పెరిగినప్పటి నుంచి ఇదే లెక్క. ఎఫ్‌డీలో 1.6 లక్షలు ఉంది. హ్యుందాయ్ ఐ20 ఎన్ లైన్ కొనాలని చాలాకాలంగా కోరిక. నడపడానికి హుషారుగా ఉంటుంది, ఇంటిల్లిపాదికీ సరిపోతుంది. ఆన్‌రోడ్ 13 లక్షలు. బ్యాంకు 9 శాతానికి ఏడేళ్లకు 10 లక్షలు ఇస్తానంది. ఈఎంఐ 16 వేలే. డౌన్ పేమెంట్ 3 లక్షల్లో లక్ష ఎఫ్‌డీ నుంచి తీసి, మిగతా 2 లక్షలు ఒక యాప్‌లో ప్రీ అప్రూవ్డ్ పర్సనల్ లోన్ తీసుకుందామనుకుంటున్నాను. మూడేళ్లలో తీరిపోతుంది, వడ్డీ 16 శాతం. జీఎస్టీ తగ్గింది కాబట్టి ఇప్పుడే కొంటే లాభం అంటున్నారు. 11 వేలు కట్టి బుక్ చేశాను. ఆరోగ్య బీమా కంపెనీదే 3 లక్షలు ఉంది. ముందుకెళ్లమంటారా?

జవాబు: వద్దు. కారు వద్దని కాదు, ఈ పద్ధతిలో వద్దు. మీ ఉత్తరాన్ని ఎంచుకోవడానికి కారణం ఆ 2 లక్షల పర్సనల్ లోన్. ఈమధ్య నా దగ్గరికి వచ్చే కారు ప్రశ్నల్లో ఇదే వరస. కారు లోను బ్యాంకులో, డౌన్ పేమెంట్ యాప్‌లో. అడిగితే "ప్రీ అప్రూవ్డ్ సార్" అంటారు, అదేదో తాము సాధించిన ర్యాంకు అయినట్టు! మీకు అప్పు ఇవ్వడానికి వాళ్లు సిద్ధంగా ఉన్నారని తప్ప ఆ మాటకు ఇంకో అర్థం లేదు. మీరు తీర్చగలరా అన్నది మీరు చూసుకోవాల్సిన లెక్క.

బ్యాంకు మిమ్మల్ని డౌన్ పేమెంట్ అడిగేది ఊరికే కాదు. కారు విలువ షోరూం గేటు దాటగానే తగ్గడం మొదలవుతుంది. ఆ తగ్గే భాగాన్ని మీ జేబులోంచి పెట్టమంటుంది. మీరు దాన్ని కూడా అప్పుతో పూడిస్తే ఆ రక్షణ పోయినట్టే. 13 లక్షల బండికి 12 లక్షల అప్పు అవుతుంది.

దీని ఫలితం ఎక్కడ తేలుతుందో చూడండి. మీ ఆన్‌రోడ్ 13 లక్షల్లో ఎక్స్ షోరూం ధర సుమారు 10.8 లక్షలు ఉంటుందనుకుందాం. మిగతాది లైఫ్ ట్యాక్స్, ఇన్సూరెన్స్, ఇతర ఖర్చులు. ఇన్సూరెన్స్ కంపెనీ లెక్కేసే ఐడీవీ, అంటే కారు పూర్తిగా పోతే కంపెనీ ఇచ్చే గరిష్ఠ మొత్తం, ఎక్స్ షోరూం ధర మీద ఆధారపడుతుంది, మీరు కట్టిన మొత్తం మీద కాదు. ఏడాది దాటిన కారుకు 20 శాతం తరుగు, రెండేళ్లు దాటితే 30 శాతం. అంటే ఏడాది నిండిన కొద్ది రోజులకే కారు చోరీ అయినా, బాగుచేయలేనంతగా దెబ్బతిన్నా ఇన్సూరెన్స్ నుంచి వచ్చేది దాదాపు 8.6 లక్షలు. అప్పటికి కారు లోన్ అసలు 8.9 లక్షలు మిగిలి ఉంటుంది. యాప్ అప్పు ఇంకో 1.4 లక్షలు. చేతికి వచ్చే డబ్బు బ్యాంకుకే చాలదు. కారు లేదు, 1.7 లక్షల అప్పు ఉంది, దాని ఈఎంఐలు నడుస్తున్నాయి. రిటర్న్ టు ఇన్‌వాయిస్ యాడ్ ఆన్ (కారు పూర్తిగా పోతే ఐడీవీ కాకుండా బిల్లు ధర ఇచ్చే అదనపు కవర్) తీసుకుంటే ఈ లోటు చాలావరకు పూడుతుంది. కారు ఎప్పుడు కొన్నా అది తీసుకోండి.

ఇక మీ నెలసరి లెక్కకు వద్దాం. ఈఎంఐ 16 వేలే అన్నారు. యాప్ ఈఎంఐ 7 వేలు ఎక్కడ పోయింది? రెండూ కలిపి 23,100. మీకు మిగిలేది 20 వేలు. ఇంకా పెట్రోలు పోయలేదు! నెలకు 700 కిలోమీటర్లు, టర్బో ఇంజినుకి ఊళ్లో లీటరుకు 12 కిలోమీటర్లు, లీటరు 110 రూపాయలు వేసుకుంటే 6,400. ఇన్సూరెన్స్ రెన్యువల్, సర్వీసు, టైర్లు నెలకు సగటున 3 వేలకు తగ్గవు. మొత్తం 32,500. సిప్ ఆపేసినా 25 వేలే ఉంటాయి. చీటీ మధ్యలో ఆపితే ఏమవుతుందో మీకు నేను చెప్పనక్కర్లేదు.

అసలు ఆ 20 వేలు నిజంగా మిగులుతున్నాయా? ఏడాదిన్నరగా నెలనెలా 20 వేలు మిగిలి ఉంటే 3.6 లక్షలు చేరాలి. మీ ఎఫ్‌డీలో ఉన్నది 1.6 లక్షలు. అందులో పాత డబ్బు ఒక్క రూపాయి లేదనుకున్నా నెలకు 9 వేలు కూడా మిగలనట్టే. మిగతా 11 వేలు ఎటు పోతున్నాయో మీ ఉత్తరంలో లేదు, బహుశా మీకూ తెలియదు. పెళ్లిళ్లు, పండగలు, పాప టీకాలు, ఊరి ప్రయాణాలు. ఇవి ప్రతి ఇంట్లోనూ ఉంటాయి, ఎవరి పట్టికలోనూ ఉండవు. ఈఎంఐ మాత్రం వాటి కోసం ఆగదు.

ఇప్పుడు నేను ప్రతిసారీ పట్టుకు కూర్చునే విషయం. అత్యవసర నిధి.

మీ ఇంట్లో జీతం ఒక్కటి. దాని మీద ఆధారపడ్డవాళ్లు మీతో కలిపి ఐదుగురు. ఈరోజు ఉద్యోగం పోతే తప్పించుకోలేని ఖర్చు అద్దె, ఇల్లు, అమ్మానాన్నలు కలిపి నెలకు 44 వేలు. ఆరు నెలలకు 2.64 లక్షలు ఉండాలి. ఉన్నది 1.6 లక్షలు. అంటే కారు ఊసు లేకుండానే లక్ష తక్కువలో ఉన్నారు. మీరు ఆ కాస్తలోంచి కూడా లక్ష తీస్తానంటున్నారు.

చాలామంది పట్టించుకోని సంగతి ఇంకోటి ఉంది. అప్పు తీసుకున్న రోజే మీకు కావలసిన అత్యవసర నిధి కూడా పెరుగుతుంది. రెండు ఈఎంఐలు కలిస్తే తప్పని ఖర్చు 44 వేల నుంచి 67 వేలు అవుతుంది. ఆరు నెలలకు 4 లక్షలు. ఒకే సంతకంతో అవసరం 4 లక్షలకు పెరిగింది, నిధి 60 వేలకు పడిపోయింది. ఆ 60 వేలతో ఒక్క నెల కూడా గడవదు. ఉద్యోగం మారేటప్పుడు మధ్యలో వచ్చే ఖాళీయే అంతకంటే ఎక్కువ ఉండొచ్చు.

"అప్పుడు కారు అమ్మేస్తాను" అంటారు కొందరు. ఆర్‌సీ మీద బ్యాంకు హైపోథికేషన్, అంటే బండి బ్యాంకు తాకట్టులో ఉందన్న నమోదు, ఉంటుంది. బాకీ తీర్చి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) తెచ్చుకుంటే తప్ప బండి ఇంకొకరి పేరు మీదకు మారదు. బాకీ కారు ధర కంటే ఎక్కువ ఉన్నప్పుడు, అమ్ముకోవడానికి కూడా చేతి నుంచి డబ్బు పెట్టాలి. కట్టకుండా వదిలేస్తే 90 రోజులు దాటాక ఖాతా ఎన్‌పీఏ (మొండి బాకీ) అవుతుంది. ఆ తర్వాత బండి పట్టుకుపోయి వేలం వేస్తారు. వేలంలో తగ్గిన మొత్తం మళ్లీ మీ దగ్గరే అడుగుతారు. ఏడేళ్ల లోన్‌లో దాదాపు మొదటి మూడేళ్లు మీరు ఈ ఊబిలోనే ఉంటారు.

క్రెడిట్ కార్డు ఉందిగా అని మాత్రం అనకండి. కార్డు నిధి కాదు, ఇంకో అప్పు. ఎఫ్‌డీ, స్వీప్ ఇన్ ఖాతా (మిగులు డబ్బు దానంతట అదే ఎఫ్‌డీలోకి వెళ్లే పొదుపు ఖాతా), లిక్విడ్ ఫండ్ (త్వరగా వెనక్కి తీసుకోగల మ్యూచువల్ ఫండ్), వీటిలో ఏదైనా సరే, అడిగిన రోజో మర్నాడో చేతికి రావాలి. చీటీ పాట దక్కితే వస్తుంది, లేకపోతే రాదు. దాన్ని ఈ లెక్కలో కలపొద్దు.

ఆరోగ్య బీమా గురించి క్లుప్తంగా. కంపెనీ ఇచ్చిన 3 లక్షల పాలసీ ఉద్యోగంతోపాటే పోతుంది. అత్యవసర నిధి అవసరమయ్యే రోజునే బీమా కూడా లేకుండా పోతుందన్నమాట. జీఎస్టీ తగ్గిందని కారు కొంటున్నారు కదా, 2025 సెప్టెంబరు 22న చిన్న కార్ల మీద పన్ను 18 శాతానికి తగ్గించిన రోజే వ్యక్తిగత ఆరోగ్య, టర్మ్ (పాలసీదారు చనిపోతే కుటుంబానికి డబ్బు ఇచ్చే బీమా) పాలసీల మీద ఉన్న 18 శాతాన్ని పూర్తిగా తీసేశారు. ఆ వార్త మీ ఉత్తరంలో లేదు! టర్మ్ పాలసీ మాటే లేదు. ముగ్గురికీ ఒక ఫ్యామిలీ ఫ్లోటర్ (అందరికీ కలిపి ఒకే ఆరోగ్య బీమా), మీ పేరు మీద టర్మ్. కారు కంటే ముందు ఇవి రావాలి. అమ్మానాన్నలకు విడిగా తీసుకోండి. వాళ్లని మీ ఫ్లోటర్‌లో కలిపితే ప్రీమియం వాళ్ల వయసు చూసి లెక్కేస్తారు.

జీఎస్టీ తగ్గిందన్న మాట నిజమే. 1200 సీసీ లోపు, నాలుగు మీటర్ల లోపు పెట్రోలు కార్లకు సెస్‌తో కలిపి 29 శాతం ఉండేది 18 అయింది. 998 సీసీ, 3,995 మిల్లీమీటర్ల పొడవున్న మీ కారు అందులోకే వస్తుంది. అయితే అది పన్ను రేటు, పండగ డిస్కౌంటు కాదు. ఆదివారంతో ఆఫర్ ముగిసిపోదు. "ఇప్పుడే కొంటే లాభం" అన్నది ఎవరో ఊహించడం కష్టమేమీ కాదు.

కారు విషయానికొస్తే మీ కోరికలో తప్పేమీ లేదు. 120 పీఎస్ టర్బో ఇంజిను, నాలుగు చక్రాలకూ డిస్క్ బ్రేకులు, ఆరు ఎయిర్‌బ్యాగులు, 311 లీటర్ల డిక్కీ. ఇంటికి పనికొచ్చేదీ, నడిపేవాడికి సరదా ఇచ్చేదీ ఒకే బండిలో కావాలంటే ఇది మంచి ఎంపికే. కాకపోతే ఇంటికి పనికొచ్చే భాగమంతా మామూలు ఐ20లోనూ ఉంది. అదే పొడవు, అదే డిక్కీ, అవే ఆరు ఎయిర్‌బ్యాగులు. ఎన్ లైన్‌కి మీరు అదనంగా ఇచ్చేది టర్బో ఇంజినుకి, గట్టి సస్పెన్షన్‌కి, ఎగ్జాస్ట్ శబ్దానికి, ఎర్ర గీతలకి. వాటికి డబ్బు పెట్టొచ్చు, మీ ఇష్టం. కానీ ఆ డబ్బు మీదై ఉండాలి. ఎగ్జాస్ట్ శబ్దం కోసం 16 శాతానికి అప్పు చేయడం నాకు మింగుడుపడదు.

మరేం చేయాలి? జీతం పడిన రోజే 20 వేలు పక్కకు తీయండి. అందులో 4 వేలు పాలసీల ప్రీమియం కోసం. మిగతా 16 వేలు, అంటే మీరు కట్టగలనన్న ఈఎంఐయే, విడి ఖాతాలోకి. తొమ్మిది నెలల్లో అత్యవసర నిధి 3 లక్షలు దాటుతుంది. ఆ తర్వాత పదిహేను నెలలు అదే 16 వేలు కారు ఖాతాలో వేస్తే 2.4 లక్షలు. మొత్తం రెండేళ్లు. ఈ రెండేళ్లలో ఒక్క నెల కూడా ఆ ఖాతాలను ముట్టుకోకపోతే ఈఎంఐ మోయగలరని నేనూ ఒప్పుకుంటాను. మూడో నెలలోనే తీసి వాడుకుంటే, అది ఏడేళ్ల అప్పు లేకుండా తెలిసిందని సంతోషించండి.

అప్పుడు కొన్నా ఏడేళ్ల లోన్ వద్దు. 10 లక్షలకు ఏడేళ్లలో కట్టే వడ్డీ 3.5 లక్షలు, ఐదేళ్లలో అయితే 2.45 లక్షలు. ఐదేళ్ల ఈఎంఐ 20,750 భారం అనిపిస్తే ఆ కారు మీ స్థాయికి ఎక్కువని అర్థం. మామూలు ఐ20 చూడండి, లేదా ఎన్ లైన్‌నే సెకండ్ హ్యాండ్‌లో. 2021లోనే ఇక్కడికి వచ్చింది కాబట్టి మూడు నాలుగేళ్ల బండ్లు దొరుకుతాయి. సర్వీసు రికార్డు లేని బండి జోలికి మాత్రం పోకండి. సెకండ్ హ్యాండ్‌కి లోన్ వడ్డీ కాస్త ఎక్కువ, అందుకే సగానికి పైగా సొంత డబ్బు ఉంటే మేలు. బంగారం కుదువ పెట్టి డౌన్ పేమెంట్ కట్టడం కూడా అప్పే, పేరు మారిందంతే.

ఇన్సూరెన్స్‌లో ఇంకొక్క మాట. 2018 సెప్టెంబరు నుంచి కొత్త కార్లకు మూడేళ్ల థర్డ్ పార్టీ, అంటే ఎదుటివాళ్లకు జరిగే నష్టానికి బీమా, తప్పనిసరి. చాలామంది దాన్ని చూసి మూడేళ్లు బండికి పూర్తి బీమా ఉందనుకుంటారు. మన బండికి జరిగే నష్టం చూసే ఓన్ డ్యామేజ్ భాగం సాధారణంగా ఏడాదికే ఉంటుంది. రెండో ఏడు రెన్యువల్ మర్చిపోయినవాళ్లకు ఆ సంగతి గుద్దుకున్నాకే తెలుస్తుంది.

ప్రస్తుతానికి రేపు పొద్దున చేయాల్సింది రెండు పనులు. బుకింగ్ రద్దు చేస్తున్నానని షోరూంకి ఫోన్‌లో కాకుండా ఈమెయిల్‌లో రాసి, బుకింగ్ ఫారం మీద ఉన్న రీఫండ్ షరతు ప్రకారం 11 వేలు ఎప్పటిలోగా ఇస్తారో అడగండి. కొంత కోసుకున్నా వాదనకు దిగి కారు తీసుకోకండి. రెండోది, ఆ లోన్ యాప్‌కి మీ ఫోన్‌లో ఇచ్చిన అనుమతులన్నీ తీసేసి, అందులో ఆటో డెబిట్ మాండేట్ (ఖాతాలోంచి డబ్బు దానంతట అదే తీసుకునే అనుమతి) ఏదైనా ఇప్పటికే పెట్టి ఉంటే బ్యాంకుకు చెప్పి రద్దు చేయించండి.