'హెయిర్‌స్ప్రే' చూడాలనుకుంటే 1988 నాటిదే చూడండి

"1960ల నాటి అమెరికా కుర్రకారు మీద సెటైర్‌గా తీసిన మంచి కామెడీ ఏది? అందరూ 'హెయిర్‌స్ప్రే' అంటున్నారు, 2007లో వచ్చింది చూస్తే చాలా?" అని అడిగారు. చాలదు. జాన్ వాటర్స్ 1988లో తీసిన అసలు సినిమా చూడండి. నేను చదువుకున్నది ఈ కథ జరిగే అమెరికా నగరం బాల్టిమోర్ పక్కనే. ఈ సినిమా గురించి ఎవరు కదిపినా ఊరుకోలేను.

కథ 1962 నాటి బాల్టిమోర్‌లో జరుగుతుంది. ట్రేసీ అనే బొద్దుపిల్ల టీవీలో వచ్చే డాన్స్ షోలో చోటు సంపాదిస్తుంది. జుట్టు మరీ ఎత్తుగా దువ్వుకుందని స్కూల్లో ఆమెని వేరే క్లాసుకి తోసేస్తారు. షోలో నల్లపిల్లలకి నెలకో రోజు, దానికి 'నీగ్రో డే' అని పేరు. మిగతా రోజుల్లో వాళ్లకి గుమ్మం దగ్గరే అడ్డు. ఇవన్నీ సినిమా నవ్విస్తూనే చెబుతుంది.

యూనివర్సిటీ లైబ్రరీలో నాతోపాటు ఒక నల్లజాతి పెద్దావిడ పనిచేసేది. ఆ ఊళ్లోనే పుట్టి పెరిగిన మనిషి. ఓ థాంక్స్‌గివింగ్‌కి భోజనానికి పిలిచి, తిన్నాక ఈ సినిమా డీవీడీ పెట్టింది. పిల్లలంతా వరసకట్టి 'మాడిసన్' ఆడే సీనొచ్చింది. అందులో తర్వాతి స్టెప్పేమిటో పాటలోని గొంతే చెబుతుంది, వరసంతా ఒక్కసారే కదలాలి. ఆవిడ లేచి టీపాయ్ గోడవైపు జరిపి, చెప్పులు విప్పి, మేజోళ్లతోనే కార్పెట్ మీద నిలబడింది. ఎడమకాలు ముందుకి, కుడికాలు పక్కకి చేర్చి ఓ చప్పట, మళ్లీ వెనక్కి. టీవీలో గొంతు చెప్పేలోపే ఆవిడ పాదం తిరిగిపోతోంది. పాటయ్యాక ఆయాసపడుతూ కూర్చుని, "ఇవన్నీ మా వీధిలో మేం వేసిన స్టెప్పులేనమ్మా. టీవీ పెడితే తెల్లపిల్లలు వేస్తూ కనిపించేవాళ్లు" అంది.

2007 సినిమాలో నాకు ఈ కోపం కనపడదు. దాని పాటలు చాలావరకు ఇదే కథతో 2002లో న్యూయార్క్ బ్రాడ్‌వే రంగస్థలం మీద వేసిన నాటకం కోసం కొత్తగా రాసుకున్నవి. హుషారుగా ఉంటాయి, కాదనను. కానీ 1988 సినిమాలో మోగేవి చాలావరకు ఆ రోజుల నాటి రికార్డులే. ఆ పిల్లలు నిజంగా విన్న పాటలకి ఆడుతుంటేనే కదా ఆ కాలం కళ్లకి కడుతుంది!

అసలు చరిత్ర ఇంకా చేదు. సినిమాలోని షోకి మూలం 1957లో డబ్ల్యూజేజెడ్ చానెల్లో మొదలైన బడ్డీ డీన్ షో. 1963 ఆగస్టులో, నల్లపిల్లలకి కేటాయించిన రోజున తెల్లపిల్లలు కూడా లోపలికి వచ్చేసి అందరూ కలిసి ఆడేశారు. తర్వాత ఏమైంది? అందరినీ కలిపి ఆడించడం ఇష్టంలేక 1964 జనవరిలో షోనే ఆపేశారు. సినిమాలో మాత్రం పిల్లలే గెలుస్తారు. అది నిజం నుంచి తప్పించుకోవడమని కొందరు విమర్శకులంటారు, నేనొప్పుకోను. వాటర్స్ ఆ షో చూస్తూ పెరిగినవాడు. తన ఊరు ఎలా ప్రవర్తించి ఉండాల్సిందో తెరమీద చూపించాడు. అంతకంటే గట్టిగా ఊరిని నిలదీయడం ఎలా?

ఇంకో మాట చెప్పకుండా ఉండలేను. మన సినిమాల్లో లావుగా ఉన్న అమ్మాయి అంటే కామెడీ ట్రాకే. ఆమె తిండి మీదో జోకు, నడక మీదో జోకు. ఇక్కడ ఆ అమ్మాయే హీరోయిన్, వెక్కిరించేవాళ్లే విలన్లు. ట్రేసీ తల్లి ఎడ్నాగా వేసింది డివైన్ అనే మగ నటుడు. మనవాళ్లు మగవాడికి చీర కట్టగానే వెకిలి నవ్వులకి దిగుతారు. స్థానం నరసింహారావు, వేదాంతం సత్యనారాయణ శర్మ సత్యభామలుగా వేస్తే కళ్లప్పగించి చూసిన జనానికి ఈ గతి ఎందుకు పట్టిందో! డివైన్ ఎడ్నాని ఇస్త్రీ బట్టల మధ్య నలిగే మామూలు తల్లిగా చేశాడు. 1988 ఫిబ్రవరిలో సినిమా వచ్చింది, మార్చిలో ఆయన పోయాడు. 2007లో అదే పాత్ర ట్రవోల్టా వేశాడు. ఎంత కష్టపడ్డా నాకు మేకప్పే కనపడింది.

రెండూ చూసే ఓపిక ఉంటే ముందు 1988ది చూడండి, సబ్‌టైటిల్స్ పెట్టుకుని మరీ. బాల్టిమోర్ యాసలో సగం జోకులు చెవిన పడకుండానే పోతాయి.