పెద్ద మానసిక జబ్బులకి థెరపీ చెయ్యాలంటే ఏ చదువు కావాలి? – ఈ వారం మీ ప్రశ్నలు

ప్రశ్న: మేడమ్ నమస్తే. ఎమ్మెస్సీ సైకాలజీ ఫైనలియర్ చదువుతున్నా. స్కిజోఫ్రీనియా, బైపోలార్ లాంటివి ఉన్నవాళ్లకి థెరపీ చెయ్యాలని ఉంది. ఒకరేమో ఎంఫిల్ ఎత్తేశారంటారు, ఇంకొకరేమో అదంతా దండగ, ఆన్‌లైన్‌లో మూణ్నెల్ల సర్టిఫికెట్ చేసి క్లినిక్ పెట్టుకో అంటారు. అమెరికాలో దీనికి విడిగా స్పెషాలిటీయే ఉందట కదా, మరి మన దగ్గర?
– ఒక పాఠకురాలు, హన్మకొండ

జవాబు: ముందు ఆ మూణ్నెల్ల సర్టిఫికెట్ పక్కన పెట్టెయ్యమ్మా. దాంతో క్లినికల్ సైకాలజిస్ట్ అని బోర్డు పెడితే కుదరదు, 1992 ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా, ఈ చదువుల్నీ రిజిస్ట్రేషన్‌నీ చూసే కేంద్ర సంస్థ) చట్టం ప్రకారం రిజిస్టర్ కాకుండా ప్రాక్టీస్ చేస్తే ఏడాది దాకా జైలు, లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ (ఆ వెయ్యి చూస్తే నవ్వొస్తుందిలే, ఒక్క సిట్టింగ్‌కే అంతకన్నా ఎక్కువ తీసుకునేవాళ్లున్నారు).

ఇన్నాళ్లూ అసలు దారి రెండేళ్ల ఫుల్‌టైమ్ ఎంఫిల్ క్లినికల్ సైకాలజీ. 2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టం కూడా క్లినికల్ సైకాలజిస్ట్ అంటే ఆర్‌సీఐ గుర్తించిన చదువుండాలి, లేదంటే పీజీ మీద రెండేళ్ల ఎంఫిల్, అందులో సూపర్‌విజన్ కింద క్లినికల్ ట్రైనింగ్ ఉండాలి అంది. కొత్త విద్యావిధానంలో ఎంఫిల్ డిగ్రీయే పోయింది కానీ క్లినికల్ సైకాలజీకి మాత్రం 2025-26 అడ్మిషన్ల దాకా యూజీసీ వీలిచ్చింది. దాని బదులు ఆర్‌సీఐ ఎంఏ క్లినికల్ సైకాలజీ, డాక్టర్ ఆఫ్ సైకాలజీ అని తెచ్చింది. రూల్స్ మారే టైమ్ కాబట్టి ఫీజు కట్టేముందు ఆ కాలేజీలో ఆ కోర్సుకి ఈ ఏడాది అప్రూవల్ ఉందో లేదో ఆర్‌సీఐ వెబ్‌సైట్‌లో నువ్వే చూసుకో, కన్సల్టెన్సీ వాళ్లు చెప్పేది వినకు.

ఇంక నా మాట. నువ్వు పట్టించుకోవాల్సింది డిగ్రీ పేరు కాదు, వార్డు. బెంగళూరు నిమ్హాన్స్, రాంచీ సీఐపీ, తేజ్‌పూర్ లాంటి పెద్ద మానసిక ఆస్పత్రుల్లో చదివినవాళ్లకి తేడా ఎక్కడొస్తుందంటే జబ్బు బాగా ముదిరినప్పుడూ చూస్తారు, తగ్గి ఇంటికెళ్లేప్పుడూ చూస్తారు, మళ్లీ తిరగబెట్టి వచ్చినప్పుడూ వాళ్లే చూస్తారు. ఓపీలో ఎగ్జామ్ టెన్షన్, పెళ్లి గొడవల కేసులు మాత్రమే చూసి బయటికొస్తే స్కిజోఫ్రీనియా పేషెంట్ ఎదురుగా కూర్చున్నప్పుడు ఏం మాట్లాడాలో తెలీదు.

ఉదాహరణకి ఒకబ్బాయి పక్కింటివాళ్లు రాత్రంతా నన్ను తిడుతున్నారు, ఫ్యాన్ సౌండులోంచి వినిపిస్తోంది అన్నాడనుకో. ట్రైనింగ్ లేనివాళ్లు అదంతా నీ భ్రమ బాబూ అంటారు, అంతే, ఆ అబ్బాయి రెండోసారి రాడు. అలాగని అవును నిజమేనని తలూపడం కూడా తప్పే. ఏ టైమ్‌లో ఎక్కువ, ఏమంటారు, అప్పుడు నువ్వేం చేస్తావు, ఏం చేస్తే కాస్త తగ్గుతుంది అని ఓపిగ్గా అడుగుతూ వెళ్లాలి, సైకోసిస్‌కి (అంటే లేని మాటలు వినపడటం, లేనిది ఉందని గట్టిగా నమ్మడం లాంటివాటికి) చేసే సీబీటీ, అంటే ఆలోచనల్నీ అలవాట్లనీ మార్చుకోవడం నేర్పే థెరపీ, మొదలయ్యేదే అక్కడ. బ్రిటన్‌లో వైద్యం ఎలా చెయ్యాలో చెప్పే నైస్ అనే సంస్థ గైడ్‌లైన్ అయితే దీనికి కనీసం 16 సెషన్లు అంటుంది, మన గవర్నమెంట్ ఆస్పత్రి ఓపీ క్యూ చూసినవాళ్లెవరికైనా అది ఎంత కష్టమో చెప్పక్కర్లేదు.

ఇంకోటి, మందులు రాయడం మన పని కాదు గానీ మందుల గురించి తెలీకపోతే మాత్రం ప్రమాదం. పేషెంట్ కుర్చీలో కుదురుగా ఉండలేక కాళ్లాడిస్తూ, లేచి తిరుగుతూ ఉంటే యాంగ్జైటీ అనుకుని బ్రీతింగ్ ఎక్సర్‌సైజ్ నేర్పిస్తూ కూర్చుంటారు కొందరు, అది అకథీషియా కావచ్చు, అంటే సైకోసిస్ మందుల వల్ల వచ్చే సైడ్ ఎఫెక్ట్. ఆరోజే సైకియాట్రిస్ట్‌కి చెప్పాలి.

అమెరికా సంగతి నిజమే, సీరియస్ మెంటల్ ఇల్‌నెస్ సైకాలజీని అక్కడి సైకలాజికల్ అసోసియేషన్ 2019లో స్పెషాలిటీగా గుర్తించింది, డాక్టరేట్ అయ్యాక తీసుకునే ట్రైనింగ్ అది. మన దగ్గర కోర్సు అయ్యాక పెద్ద జబ్బుల వార్డులోనో రిహాబ్ సెంటర్లోనో సీనియర్ కింద ఇంకో రెండేళ్లు చెయ్యి. చెన్నైలో స్కార్ఫ్ అని 1984 నుంచీ స్కిజోఫ్రీనియా మీదే పనిచేస్తున్న సంస్థ ఉంది, అలాంటిచోట దొరికితే వదలకు. జీతం తక్కువైనా సరే.

ప్రశ్న: మా అబ్బాయికి 24. స్కిజోఫ్రీనియాకి రెండేళ్లుగా మందులు వాడుతున్నాడు. మాటలు వినపడటం తగ్గింది కానీ రోజంతా గదిలోనే, స్నానం కూడా చెప్తే గాని చెయ్యడు. మా ఊళ్లో ఒక సైకాలజిస్ట్ కౌన్సెలింగ్‌తో నయం చేస్తా, మెల్లగా మందులు ఆపేద్దాం అంటున్నారు. నమ్మొచ్చా?
– ఒక తండ్రి, తెనాలి

జవాబు: వద్దండీ. మందు తగ్గించాలో ఆపాలో చెప్పాల్సింది సైకియాట్రిస్టే. తెలిసిన సైకాలజిస్ట్ ఎవరూ ఆ మాట అనరు, ఆయన దగ్గర సీఆర్‌ఆర్ నంబర్ (ఆర్‌సీఐ ఇచ్చే రిజిస్ట్రేషన్ నంబర్) ఉందేమో అడగండి, ఆర్‌సీఐ రిజిస్టర్‌లో చూసుకోవచ్చు.

మీ అబ్బాయిది బద్ధకం కాకపోవచ్చు. మాటలు వినపడటం తగ్గాక కూడా ఉత్సాహం రాకపోవడం ఆ జబ్బులో భాగమే, నెగెటివ్ లక్షణాలంటారు. దీనికి ట్రైనింగ్ ఉన్న సైకాలజిస్ట్ అవసరమే, అయితే అబ్బాయితో పాటు మిమ్మల్నీ కూర్చోబెట్టి మాట్లాడతారు, కోపగించుకోకండి. ఇంట్లో ఎప్పుడూ తిట్లూ ఎత్తిపొడుపులూ ఉంటే జబ్బు తిరగబెట్టడం ఎక్కువని లండన్‌లో జార్జ్ బ్రౌన్ అనే పరిశోధకుడి బృందం ఎప్పుడో గమనించింది, అతిగా కనిపెట్టుకుని వెంటే తిరిగినా అంతే. తప్పు మీదని కాదు, జబ్బుకి కారణం మీరనీ కాదు. "నీ ఈడువాళ్లంతా ఉద్యోగాలు చేస్తున్నారు" అనే మాట ఈరోజు నుంచి ఆపేసి, పొద్దున ఒక టైమ్‌కి స్నానం, ఆ తర్వాత మీతో కలిసి టిఫిన్, ఈ రెండే పెట్టండి. ఎక్కడికెళ్లాలో తెలియకపోతే టెలీ మానస్ 14416కి ఫోన్ చెయ్యండి, ఫ్రీ, తెలుగులోనే మాట్లాడతారు.